లాస్ ఏంజెలెస్ ఎయిర్‌పోర్టును దాటడానికి నాలుగు దారులు: స్టూడెంట్ పైలట్‌కి ఏది మేలు?

టోరెన్స్ ఎయిర్‌పోర్టు నుంచి శాంటా మోనికా ఎయిర్‌పోర్టుకి మ్యాపు మీద గీత గీస్తే 14 నాటికల్ మైళ్ళు. సెస్నా 172 అనే చిన్న విమానానికి పది నిమిషాల దారి కూడా కాదు. చిక్కల్లా ఆ గీత ఎల్‌ఏఎక్స్ (లాస్ ఏంజెలెస్ ఎయిర్‌పోర్టు) నెత్తి మీదుగా పోవడమే. కింద నాలుగు సమాంతర రన్‌వేలు, వాటి మీద నేల నుంచి 10,000 అడుగుల దాకా క్లాస్ బి గగనతలం, అంటే మామూలుగా కంట్రోలర్ అనుమతి లేకుండా చొరబడకూడని ప్రాంతం. లైసెన్సు కోసం కాలిఫోర్నియా వెళ్ళే మన పిల్లలకి ఇక్కడ దారి తప్పడం పెద్ద భయం కాదు. బీచి, ఫ్రీవే, రన్‌వేలు అన్నీ కంటికి కనపడుతూనే ఉంటాయి. ఎక్కడున్నామో తెలిసి కూడా హద్దు దాటడం, ఎత్తు తప్పడం, రేడియోలో వెనకబడటం, ఇవీ అసలు తిప్పలు. దారి ఎంచుకునేటప్పుడు చూసుకోవలసింది కూడా అదే: నీ చేతికి సూది (దారి చూపే పరికరంలోని ముల్లు) సులువా, నీ నోటికి రేడియో సులువా?

మొదటిది స్పెషల్ ఫ్లైట్ రూల్స్ ఏరియా. అందరూ కారిడార్ అంటారు. ఉత్తరాన బలోనా క్రీక్, తూర్పున శాన్ డియేగో ఫ్రీవే (అదే 405), దక్షిణాన ఇంపీరియల్ హైవే, పడమట సముద్రపు ఒడ్డు దీని హద్దులు. ఇందులోకి క్లియరెన్స్ అక్కర్లేదు, ఏ కంట్రోలర్‌తోనూ మాట్లాడరు. బేగంపేటలో ప్రతి మలుపుకీ టవర్ మాట వినడం అలవాటైన వాళ్ళకి ఈ నిశ్శబ్దం మొదట్లో గాభరా పుట్టిస్తుంది. మాటలు లేవు గానీ నియమాలు మాత్రం రాతి మీద చెక్కినట్టుంటాయి. శాంటా మోనికా వీఓఆర్ (దిశ చూపే రేడియో స్టేషన్) 132 రేడియల్ మీదే, అంటే దాన్నుంచి 132 డిగ్రీల దిశలో పోయే గీత మీదే ఎగరాలి. ఆగ్నేయానికి పోతుంటే 3,500 అడుగులు, వాయవ్యానికైతే 4,500. వేగం 140 నాట్లు దాటకూడదు. ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కి విమానం కోడ్ పంపే పరికరంలో) 1201 ఉండాలి, యాంటీ కొలిజన్, నావిగేషన్ లైట్లు వెలగాలి, తాజా లాస్ ఏంజెలెస్ టెర్మినల్ ఏరియా చార్ట్ విమానంలో ఉండాలి. 128.55 ఫ్రీక్వెన్సీలో ఎక్కడున్నారో, ఎటు పోతున్నారో మీరే చెప్పుకుంటూ పోవాలి.

స్టూడెంట్లు ఇక్కడ బోల్తా పడేది ముఖ్యంగా మూడు చోట్ల. ముందు ఎక్కడం. వాయవ్యానికి 4,500 అడుగుల్లో సమంగా ఎగురుతూ లోపలికి రావాలి. టోరెన్స్ ఎత్తు దాదాపు 100 అడుగులు, అంటే ఇంకా 4,400 ఎక్కాలి. నిమిషానికి 600 అడుగుల చొప్పున ఏడు నిమిషాల పైమాటే. 75 నాట్ల దగ్గర ఆ లోపు తొమ్మిది మైళ్ళు గడిచిపోతాయి. ఇంపీరియల్ హైవే ఎనిమిది మైళ్ళలోపే ఉంది. లేచీ లేవగానే ఉత్తరానికి తిప్పితే ఎత్తు చాలకుండానే క్లాస్ బిలో పడతారు. ముందు దక్షిణాన పాలోస్ వెర్డెస్ కొండల మీద ఎక్కి, ఎత్తు కుదిరాకే తిరగాలి. ఆ చోట పైనున్న క్లాస్ బి అరుగు (మెట్లుమెట్లుగా ఉండే దాని అడుగు భాగం) ఏ ఎత్తులో మొదలవుతుందో చార్ట్‌లో ముందే గుర్తు పెట్టుకోవాలి, 4,500 దాటి పైకి జారే ముప్పు కూడా ఉంది.

రెండోది సూది. శాంటా మోనికా వీఓఆర్ ఫ్రీక్వెన్సీ 110.8. ఆగ్నేయానికి పోతుంటే ఓబీఎస్‌లో (దిశ ఎంచుకునే మీటలో) 132, ఫ్రమ్ (స్టేషన్ నుంచి). వాయవ్యానికి పోతుంటే 312, టు (స్టేషన్ వైపు). రేడియల్ 132 అని చదివి రెండు వైపులా అదే పెట్టేవాళ్ళున్నారు. మామూలు సీడీఐలో (ఆ సూదున్న పరికరంలో) అప్పుడు సూది ఎడమని కుడిగా తిరగేసి చూపిస్తుంది. దాన్ని నమ్మి దిద్దుకునే కొద్దీ రేడియల్ నుంచి ఇంకా దూరమవుతారు. స్టేషన్‌కి ఐదు మైళ్ళలో ఒక చుక్క, అంటే రెండు డిగ్రీలు, సుమారు 1,000 అడుగుల పక్కకి సమానం. ఇంకా దగ్గరైతే సూది తెగ ఊగుతుంది. అక్కడ సూదిని తరమొద్దు. హెడింగ్ (ముక్కు దిశ) పట్టుకుని రన్‌వేలు, ఫ్రీవే చూసుకుంటూ పోవాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి మిమ్మల్ని 405 వైపుకి నెడుతుంది. పడమటి గాలి 15 నాట్లుంటే వాయవ్య దారిలో ముక్కు ఆరు డిగ్రీల దాకా ఎడమకి పెట్టాలి.

మూడోది కోడ్. అంతకుముందు ఫ్లైట్ ఫాలోయింగ్‌లో (కంట్రోలర్ రాడార్‌లో మిమ్మల్ని గమనిస్తుండే సేవలో) ఉంటే కంట్రోలర్ "స్క్వాక్ వీఎఫ్ఆర్", అంటే కంటితో చూసి ఎగిరేవాళ్ళ మామూలు కోడ్ పెట్టుకో, అని వదిలేస్తాడు. చెయ్యి అలవాటుగా 1200 తిప్పుతుంది. లోపలికి రాకముందే 1201 ఉండాలి, బయటపడ్డాక మళ్ళీ 1200.

ట్యాబ్లెట్ ఉందిగా, వీఓఆర్ గొడవెందుకు అంటారు. హద్దు ఎంత దూరంలో ఉందో చూపించడానికి ట్యాబ్లెట్‌ని మించింది లేదు, పక్కన పెట్టుకోండి. అయితే అందులో 132 అని టైపు చేసి గీసిన గీత వీఓఆర్ రేడియల్ మీద పడకపోవచ్చు. అయస్కాంత ఉత్తరం ఏటా జరుగుతుంటే స్టేషన్ మాత్రం ఎప్పుడో అమర్చిన దిశలోనే ఉంటుంది, తేడా కొన్ని డిగ్రీలు రావచ్చు. చార్ట్‌లో అచ్చయిన కారిడార్ గీతనే అనుసరించాలి. పైగా ఎండకి వేడెక్కి ట్యాబ్లెట్ ఆగిపోవడం దక్షిణ కాలిఫోర్నియాలో కొత్తేమీ కాదు.

ఇక మినీ రూట్. 2,500 అడుగుల్లో శాంటా మోనికా, హాథోర్న్ ఎయిర్‌పోర్టుల మధ్య దాటేది. దగ్గరి దారే, ఎక్కవలసిన ఎత్తూ తక్కువే. కానీ దీనికి క్లియరెన్స్ కావాలి. కొన్ని నిమిషాల్లోనే శాంటా మోనికా టవర్, ఎల్‌ఏఎక్స్ టవర్, హాథోర్న్ టవర్ మూడింటితో మాట్లాడాలి. ఒక ఫ్రీక్వెన్సీలో పిలుపు రాకముందే తర్వాతి హద్దు దగ్గరవుతుంది. ఇంజిన్ ఆగితే చేతిలో ఉండే ఎత్తూ తక్కువే. సోలో స్టూడెంట్‌కి నాలుగింటిలో ఆఖరుగా దీన్నే చెబుతాం.

మూడో దారి సోకాల్ అప్రోచ్‌ని (దక్షిణ కాలిఫోర్నియా రాడార్ కంట్రోలర్లని) అడిగి క్లాస్ బి క్లియరెన్స్ తీసుకుని, వాళ్ళిచ్చిన రూటులో, వాళ్ళిచ్చిన ఎత్తులో పోవడం. రేడియో గట్టిగా ఉన్నవాళ్ళకి ఇదే నిశ్చింత. ట్రాఫిక్ వాళ్ళు చెబుతారు, సూది పని తగ్గుతుంది. ప్రమాదం ఒక్క మాటలో ఉంది. క్లాస్ సి, డిలలో (ఇంతకన్నా చిన్న ఎయిర్‌పోర్టుల గగనతలాల్లో) మీ కాల్‌సైన్ పలికి జవాబిస్తే చాలు, లోపలికి రావచ్చు. బిలో "రాడార్ కాంటాక్ట్" అన్నా, మీ నంబరు నాలుగుసార్లు పలికినా అనుమతి కాదు. "క్లియర్డ్" అన్న మాట, బ్రావో (రేడియో భాషలో బి) అన్న పేరు చెవిన పడాలి. అనుమానం వస్తే అడగాలి, జవాబు వచ్చేలోగా బయటే ఒక చక్కరు కొట్టాలి. ఆ చక్కరు ఎక్కడ కొట్టాలో నేల మీదే నిర్ణయించుకోకపోతే గాల్లో తోచదు.

సోలో స్టూడెంట్‌కి ఇంకో షరతు: ఆ క్లాస్ బి ప్రాంతంలోనే ఇన్‌స్ట్రక్టర్‌తో శిక్షణ పొందినట్టు లాగ్‌బుక్‌లో ఎండార్స్‌మెంట్ ఉండాలి, అది గత 90 రోజుల్లో ఇచ్చినదై ఉండాలి. కారిడార్ కూడా క్లాస్ బిలోంచి కోసిన ముక్కే కాబట్టి అక్కడికి వెళ్ళేముందూ అది చేతిలో ఉంచుకోండి.

నాలుగోది తూర్పుగా చుట్టి, అరుగుల కిందుగా పోవడం. ఎవరినీ అడగక్కర్లేదు కదా అని చాలామంది మొదట దీన్నే ఎంచుకుంటారు. మా లెక్కలో ఇది పైకి కనిపించేంత తేలిక కాదు. ఎల్‌ఏఎక్స్‌కి దిగే విమానాలు తూర్పు నుంచే వస్తాయి కాబట్టి ఆ వైపు అరుగులు కిందికి వంగి ఉంటాయి, మెట్టు మెట్టుకీ ఎత్తు మారుతుంది. ఒక మెట్టు చూసుకోకపోతే క్లాస్ బి ఉల్లంఘనే. అరుగు కింద మిగిలిన ఎత్తులో చిన్న ఎయిర్‌పోర్టుల క్లాస్ డిలు, హెలికాప్టర్లు, డౌన్‌టౌన్ మేడలు.

కాబట్టి సూదిని మధ్యలో, ఎత్తును 100 అడుగుల తేడా లోపు పట్టుకోగలిగితే కారిడారే మేలు. అన్నీ ముందే తెలిసినవి, ఎవరి మాట కోసమూ ఎదురుచూపు లేదు. అక్కడ చేయి ఇంకా తడబడుతూ, మాట మాత్రం స్పష్టంగా వస్తుంటే సోకాల్ క్లియరెన్స్. ఏ దారైనా ఆల్టిమీటర్ (ఎత్తు చూపే మీటరు) సరిచూసుకోండి. అందులో పెట్టే గాలి పీడనానికి మన దగ్గర హెక్టోపాస్కల్స్, అక్కడ అంగుళాలు. 29.92కి 29.82 పెడితే 100 అడుగులు తప్పినట్టే.

మే, జూన్ ఉదయాల్లో తీరం మీద మబ్బు పొర పరుచుకుంటుంది. ఉత్తరాన వాన్ నైస్ వైపు లోయ తేటగా ఉంటే, లైసెన్సున్న పైలట్ 4,500 అడుగుల్లో పొర మీదుగా కారిడార్ దాటేస్తాడు. సోలో స్టూడెంట్‌కి మాత్రం నేల కంటికి కనపడుతూ ఉండాలన్న నియమం వేరే ఉంది. కింద పొర అతుకు లేకుండా ఉంటే, వెనకాల విమానాలు ఒక్కొక్కటీ లేచిపోతున్నా, అది కరిగేదాకా టోరెన్స్‌లోనే ఆగాలి.