'కండిషన్ బ్యాటరీ' అంటాడు, మూతలు విప్పించకుండా డబ్బులివ్వకండి

పాలకొల్లు, భీమవరం వైపు ట్రాక్టర్లున్నవాళ్లకి ఆ షాపు పేరు చెప్పక్కర్లేదు. పాత బ్యాటరీ ఇచ్చి, పైన కొంత కట్టి 'కండిషన్ బ్యాటరీ', అంటే బాగుచేసి మళ్లీ అమ్మే పాత బ్యాటరీ, తెచ్చుకునేది అక్కడే. దాళ్వా (రబీ వరి) కోతలు మీద పడ్డాయి, 80 ఏహెచ్‌ది (ఏహెచ్ అంటే ఆంపియర్-అవర్, ఎంత ఛార్జి పడుతుందో చెప్పే లెక్క) ఒకటి తీసుకున్నాం. సాయంత్రం ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. పొద్దున్నకి టక్కు టక్కుమనడమే. మీటర్ పెడితే 10.6 వోల్టులు.

12 వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్లులు, ఒక్కోదానికీ 2.1. ఆరూ బాగుంటే 12.6. ఒకటి పోతే మిగతా ఐదూ కలిపి 10.5. అంటే ఇది ఛార్జింగ్ తగ్గడం కాదు, సెల్ పోవడం. ప్లేట్ల నుంచి రాలిన మడ్డి అడుగున పేరుకుని పాజిటివ్‌నీ నెగెటివ్‌నీ కలిపేస్తుంది. ఛార్జర్ మీద ఉన్నంతసేపూ బాగానే కనిపిస్తుంది, రాత్రికి రాత్రి తనలో తానే ఖాళీ అయిపోతుంది.

డబ్బులు లెక్కపెట్టుకునేదాకా 'రండి, కూర్చోండి, టీ తాగుతారాండీ' అన్న మనిషి, బ్యాటరీ వెనక్కి తేగానే 'ఏంటయ్యా మళ్లీ' అన్నాడు. గంటసేపు ఛార్జర్‌కి తగిలించి, క్లిప్పులు తీసీ తీయగానే మీటర్ మొహం మీద పెట్టాడు. 12.9. 'నా బ్యాటరీ రాయి. నీ సెల్ఫ్ మోటారే పోయింది.' ఆహా, ఏం డాక్టరండీ! ఛార్జర్ తీసిన నిమిషంలో చచ్చిన బ్యాటరీ కూడా అలాగే చూపిస్తుంది, అది పైపైన నిలిచిన ఛార్జి. హెడ్‌లైట్లు రెండు మూడు నిమిషాలు వెలిగించి, ఆపేసి, కాసేపాగి చూడమంటే వినడు. పట్టుబట్టి సెల్ఫ్ కొడుతుండగా మీటర్ పెట్టించాం. 9.6 కంటే తగ్గకూడనిది 8 కిందకి జారింది.

మూతలు విప్పి హైడ్రోమీటర్ (యాసిడ్ గాఢత, అదే గ్రావిటీ, చూసే గొట్టం) పెడితే ఐదు సెల్లులు 1.240 దగ్గర ఉన్నాయి, మూడోది 1.120. సెల్లుకీ సెల్లుకీ 0.050 తేడా వచ్చినా చాలు, ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోవాలి. అప్పుడు వాడు చేసిన పని చూడండి. క్యాన్‌లోంచి యాసిడ్ తీసి, కళ్ల ముందే మూడో సెల్‌లో పోసి, 'ఇదిగో, గ్రావిటీ వచ్చింది, పట్టుకెళ్లు' అన్నాడు! యాసిడ్ పోస్తే హైడ్రోమీటర్‌లో బుడ్డి పైకి తేలుతుంది, నిజమే. ప్లేట్లలోకి ఛార్జి ఎక్కడినుంచి వస్తుంది? పైగా ఆ గాఢతకి ఉన్న ప్లేట్లు కూడా తినేస్తుంది. వాడకంలో బ్యాటరీలో తగ్గేది నీళ్లే, పోయాల్సింది డిస్టిల్డ్ వాటరే. (ఉప్పు బోరు నీళ్లు పోసేవాళ్లు కూడా మనలో ఉన్నారు, వాళ్లకో దండం.)

డబ్బులు రాలేదు. మా పాతది ఇచ్చేయమంటే 'తుక్కులోకి వెళ్లిపోయింది' అన్నాడు. వాళ్ల నోట 'డెడ్' అనిపించుకున్నవన్నీ డెడ్ కావు, కొన్ని వట్టి ఆకలితో ఉన్నవే. 80 ఏహెచ్‌ దాన్ని 8 ఆంపియర్ల మీద పది పన్నెండు గంటలు పెట్టి, చల్లారాక చూస్తేగానీ ఏ బ్యాటరీకీ తీర్పు చెప్పకూడదు. గంటలో ఎక్కించేస్తానంటే ప్లేట్లు వేడెక్కి వంగిపోతాయి.

కొనేవాళ్లకి రెండు మాటలు. కేసు మీద సీరియల్ నంబర్ గీకేసి ఉంటే అక్కడ ఇంకో నిమిషం నిలబడొద్దు. ఛార్జి చేసిన బ్యాటరీని ఒక రాత్రి షాపులోనే వదిలేసి, తెల్లారి మీటర్ పెట్టించండి. 12.6 ఉంటే సరే, 12.4 అంటే ముప్పావు, 12.0 అంటే దాదాపు ఖాళీ. ఆరు సెల్లుల గ్రావిటీ బిల్లు మీద రాయించుకోండి, రాయనంటే వచ్చేయండి.

రొయ్యల చెరువు జనరేటర్లకి అక్కడే తీసుకున్నవాళ్లు ఉంటే, ఈ రాత్రి కరెంటు పోకముందే ఒకసారి సెల్ఫ్ కొట్టి చూసుకోండి. చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగాక మీటర్ పెట్టి ఏం లాభం.