సుడిదోమ మీదికి మిరిడ్ నల్లి మేలా, సాలీడు మేలా?

వరి దుబ్బును వంచి మొదట్లో తడితే నీళ్ల మీద రకరకాల పురుగులు రాలతాయి. వరి మొదట్లో రసం పీల్చే సుడిదోమ కనబడగానే టెన్షన్ పడతాం గానీ, దాన్ని తినేవీ ఆ గుంపులోనే ఉంటాయి. వాటిలో ముఖ్యమైనవి పచ్చ మిరిడ్ నల్లి, లైకోసా సాలీడు.

తిండిలో సాలీడుదే పైచేయి. గూడు అల్లదు, నీళ్ల మీద పరుగెత్తి మరీ రోజుకు 5 నుంచి 15 పురుగుల్ని పట్టేస్తుంది. ఆడది మూడు నాలుగు నెలలు బతుకుతుంది. నాట్లు పడిన కొద్ది రోజులకే మడిలో దిగి, దోమ వచ్చేదాకా చిన్నాచితకా పురుగులతో సరిపెట్టుకుంటుంది. మిరిడ్ అలా కాదు, దోమ వెనకాలే వస్తుంది. పొడవు 3 మిల్లీమీటర్లు, ఆయుష్షు రెండు మూడు వారాలు.

అయినా నా ఓటు మిరిడ్‌కే. సుడిదోమ గుడ్లు పెట్టేది ఆకు తొడుగు లోపల. సాలీడుకు అవి అందవు, చాలా మందులకూ అందవు. మిరిడ్ మాత్రం తొడుగును తడుముకుంటూ పోయి, గుడ్డు ఉన్నచోట సూదిలాంటి మూతిని దింపి సొన పీల్చేస్తుంది. రోజుకు 7 నుంచి 10 గుడ్లు ఖాళీ. పిల్లదోమల్నీ వదలదు. 1920లో హవాయిలో చెరకు దోమ మీదికి ఆస్ట్రేలియా, ఫిజీల నుంచి తెచ్చి వదిలిందీ దీని దగ్గరి చుట్టాన్నే. అదీ గుడ్లు తినేదే, దాంతో చెరకు గట్టెక్కింది. (చుట్టాలందరూ మంచివాళ్లు కారు. జీడిమామిడి చిగుళ్లు మాడ్చే టీ దోమ కూడా ఈ మిరిడ్ కుటుంబానిదే.)

చిక్కల్లా గుర్తుపట్టడంలోనే. ఒళ్లు పచ్చన, తల నల్లన కాబట్టి వరికి చేటు చేసే పచ్చదీపపు పురుగు అనుకుని మందు కొట్టేస్తారు. దీపపు పురుగు బలిసి, ముట్టుకుంటే ఎగిరి దూకుతుంది. మిరిడ్ సన్నగా, పొడుగు మీసాలతో కాండం మీద చకచకా నడుస్తుంది.

ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదా అంటే, కాదు. మిరిడ్ వచ్చేలోగా కాపలా సాలీడే కాయాలి, కాకపోతే ఆకలేస్తే అది మిరిడ్‌నూ తింటుంది. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొడితే మాత్రం రెండూ పోతాయి, తొడుగులోని గుడ్లు మిగులుతాయి. వారం పది రోజుల్లో అవి పొదిగి, అడ్డులేక దోమ మునుపటికన్నా ఎక్కువవుతుంది. మందు తప్పదనుకుంటే పిల్లదోమల మీద పనిచేసే బుప్రోఫెజిన్ లాంటిది నయం, మిరిడ్‌కు దానితో అంత ముప్పు లేదు.