చొక్కా కింద పెట్టుకునే రివాల్వర్‌కి హ్యామర్ ఎలా ఉండాలి? నిర్భీక్, ప్రబల్ సమీక్ష

భీమవరం రొయ్యల వ్యాపారి అయినా, తణుకు రైస్ మిల్లు యజమాని అయినా, లైసెన్సు చేతికొచ్చాక దుకాణంలో ముందు అడిగేది బరువు, ధర. ఒంటి మీద పెట్టుకు తిరిగేవాళ్లకి ఈ రెండిటికంటే ముందు చూడాల్సింది హ్యామర్, అంటే ట్రిగ్గర్ లాగితే ముందుకు పడి తూటాని పేల్చే వెనకవైపు భాగం.

నిర్భీక్ 2014లో వచ్చింది: టైటానియం మిశ్రమం, .32 క్యాలిబర్, ఆరు తూటాలు, 500 గ్రాములు. ప్రబల్‌ని 2023 ఆగస్టులో కాన్పూర్‌లోని ప్రభుత్వ ఆయుధ సంస్థ ఏడబ్ల్యూఈఐఎల్ తెచ్చింది: 675 గ్రాములు, బ్యారెల్ 76 మిల్లీమీటర్లు, తూటాలుండే సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. తూటాలు మార్చడంలో ప్రబల్‌దే పైచేయి. హ్యామర్ దగ్గర మాత్రం రెండూ ఒకటే: బయటికి కనబడుతుంది, వెనక బొటనవేలితో లాగే కొక్కెం ఉంటుంది.

ఆ కొక్కెం వల్ల లాభం ఉంది. ముందే వెనక్కి లాగి పెడితే ట్రిగ్గర్ తేలిగ్గా కదులుతుంది, గురి నిలుస్తుంది. కానీ మన దగ్గర చొక్కా టక్ చేయం. తీసేటప్పుడు కొక్కెం చొక్కా అంచుకో బనీనుకో తగులుకుంటుంది. కండువా కొస హ్యామర్‌కీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుంటే దెబ్బ తూటా దాకా చేరదు, పేలదు.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. యుద్ధ ట్యాంకుల్లో తగులుకుంటోందని 1938లో బ్రిటిష్ వాళ్లు ఎన్‌ఫీల్డ్ రివాల్వర్‌కి కొక్కెమే తీసేశారు. అమెరికా కంపెనీ స్మిత్ అండ్ వెస్సన్ 1952లో సెంటెనియల్ మోడల్‌లో హ్యామర్ మొత్తాన్నీ ఫ్రేము లోపలికి పంపింది. ఆ తర్వాత బాడీగార్డ్ మోడల్‌లో హ్యామర్‌కి రెండు వైపులా గోడలు కట్టి కొస మాత్రం పైకి వదిలింది. కావాలంటే దాన్ని లాగొచ్చు. డెల్టాకి మాత్రం సెంటెనియల్ పద్ధతే సరి. బాడీగార్డ్ సందులోకి బట్టల నూగు, తవుడు దుమ్ము చేరి, నూనెతో కలిసి జిగురవుతాయి. దాంతో హ్యామర్ మందగించి దెబ్బ తేలిపోతుంది. లోపలే మూసి ఉన్నదానికి ఆ బెడద తక్కువ. బదులుగా ప్రతిసారీ ట్రిగ్గర్‌ని పూర్తిగా బరువుగా లాగాలి, సాధన ఎక్కువ కావాలి. నాలుగైదు అడుగుల దూరంలో ప్రాణం కాపాడుకోవడానికి ఆ బరువు అడ్డు కాదు.

నిర్భీక్‌లోనో ప్రబల్‌లోనో మూసిన హ్యామర్ రకం తెస్తే కొనమని మొదట చెప్పేది మేమే. అలాగని ఉన్న కొక్కేన్ని లేత్ షాపులో కోయించకండి. ఆయుధాల మరమ్మతుకి లైసెన్సు ఉన్నవాళ్లే దాని మీద చెయ్యి వేయాలి. కోత వేడికి ఉక్కు గట్టిదనం పోవచ్చు. పైగా కొక్కెం లేకుండా లాగి పెట్టిన హ్యామర్‌ని మళ్లీ జాగ్రత్తగా దించడం కష్టం.

కోయడం కంటే హోల్‌స్టర్, అంటే రివాల్వర్ పెట్టుకునే ఒర, మార్చడం మేలు. వెనక తోలు రేకు పైకి లేచి కొక్కేన్ని కప్పేది తీసుకోండి. అది ఒంటికి గుచ్చుకోదు, చెమట కూడా హ్యామర్ మీదికి రాదు. తీసేటప్పుడు బొటనవేలు కొక్కెం మీద ఆనించి ఉంచితే బట్టకి తగులుకోదు. తిరిగి పెట్టేటప్పుడు కూడా వేలు అక్కడే ఉండాలి. ట్రిగ్గర్‌కి ఏదైనా అడ్డం పడితే హ్యామర్ వెనక్కి లేవడం వేలికి తెలిసిపోతుంది, అక్కడే ఆగొచ్చు.

టైటానియం కదా, తుప్పు పట్టదని ధీమా వద్దు. లోపలి స్ప్రింగులు, పిన్నులు ఉక్కువే. అంతర్వేది వైపు ఉప్పుగాలికీ, మే నెల ఉక్కకీ అవి ముందు పోతాయి. రాత్రిపూట తోలు హోల్‌స్టర్‌లో వదిలేయకుండా తీసి తుడవండి. నూనె ఒకటి రెండు చుక్కలు చాలు. ఎక్కువైతే తూటా వెనక మందుని అంటించే ప్రైమర్‌లోకి పాకి అది పేలకుండా పోవచ్చు.

కొనేముందు సిలిండర్‌లో తూటాలు పెట్టే ఆరు గదులూ ఖాళీ అని కళ్లారా చూసి, దుకాణదారు ఒప్పుకుంటే హ్యామర్‌ని వెనక్కి లాగి పెట్టి, ట్రిగ్గర్ ముట్టకుండా కొక్కేన్ని వెనక నుంచి బొటనవేలితో మెల్లగా ముందుకు నొక్కండి. జారి పడితే ఆ రివాల్వర్ తీసుకోవద్దు. తర్వాత ట్రిగ్గర్‌ని నెమ్మదిగా లాగుతూ ఆరు గదులకీ హ్యామర్ పడేలోపే సిలిండర్ గట్టిగా బిగుసుకుంటోందా చూడండి. ఒక్క గది దగ్గర ఆలస్యమైనా ఇంకొకటి చూపించమనండి.