లోగో అచ్చుకు వెక్టర్ పీడీఎఫ్: చాలాకాలం వాడాక

లోగోలను అచ్చుకు పంపడానికి కొన్నేళ్లుగా నేను వెక్టర్ పీడీఎఫ్‌నే (బొమ్మను చుక్కలుగా కాక గీతలు, వంపుల లెక్కలుగా దాచే ఫైలు) వాడుతున్నాను. దాని మీద నాకు ఇంత ఇష్టం కలగడానికి కారణం అంచుల స్పష్టత. విజిటింగ్ కార్డు మీద వేలిగోరంత ఉన్న గుర్తును అదే ఫైలుతో 10 అడుగుల బ్యానర్‌కు పెంచినా వంపులు ఎక్కడా మెట్లుమెట్లుగా మారవు. పిక్సెళ్లనే చిన్న చుక్కలతో కట్టిన పీఎన్‌జీ, జేపెగ్‌లైతే ప్రతి సైజుకూ లెక్క చూసుకోవాలి: 3 అంగుళాల వెడల్పుకు, అంగుళానికి 300 చొప్పున, 900 పిక్సెళ్లు ఉండాలి. అవి లేని బొమ్మను ఎంత సాగదీసినా కొత్తగా వివరం పుట్టుకురాదు. పైగా జేపెగ్‌లో అక్షరాల చుట్టూ సన్నని మురికి చేరుతుంది.

తెర మీద కనిపించిందే కాగితం మీదికి వస్తుందన్న మాటను మాత్రం ఇప్పుడు షరతులతోనే అంటాను. ఒకసారి ముదురు నీలం పట్టీ మీద తెల్ల అక్షరాలున్న లోగో అచ్చయి వచ్చింది. చూస్తే పట్టీ ఉంది, అక్షరాలు లేవు. తెర మీద అవి చక్కగానే కనిపించాయి. ఆరా తీస్తే, డిజైనర్ మొదట నల్లగా పెట్టిన అక్షరాలను తరువాత తెల్లగా మార్చినప్పుడు, నలుపుకు ఇచ్చిన ఓవర్‌ప్రింట్ (కింది రంగును తీయకుండా దాని మీదే అచ్చు వేయమనే) అమరిక అలాగే ఉండిపోయిందని తేలింది. మామూలు ఆఫ్‌సెట్ పనిలో, అంటే ప్లేట్లతో ఇంకు వేసే అచ్చులో, తెలుపు అంటే ఇంకు కాదు, ఇంకు పడని కాగితం. అక్షరాల మేరకు ఆ నీలాన్ని ఇచ్చే సయాన్, మెజెంటా ఇంకుల ప్లేట్లలో ఖాళీ వదలాల్సింది పోయి, కింది రంగును తొలగించవద్దని ఫైలే చెప్పడంతో నీలం నిండుగా పడింది, దాని మీద వేయడానికి వేరే ఇంకు ఏదీ లేదు. పీడీఎఫ్‌లు చూసే అక్రోబాట్ ప్రోలో ఔట్‌పుట్ ప్రివ్యూ (అచ్చులో ఎలా వస్తుందో తెర మీదే చూపేది) తెరవగానే ఆ అక్షరాలు కళ్ల ముందే మాయమయ్యాయి.

అప్పటి నుంచి ఎవరు పంపిన లోగోనైనా ముందు ఆ ప్రివ్యూలో చూస్తున్నాను. ఫాంట్లను ఔట్‌లైన్లుగా (అక్షరాలను గీసిన ఆకారాలుగా) మార్చారో లేదో కూడా అప్పుడే చూసుకుంటాను. బాగా జూమ్ చేసినప్పుడు గళ్లు కనిపిస్తే లోపల ఉన్నది పిక్సెళ్ల బొమ్మేనని అర్థం; పేరు చివర పీడీఎఫ్ అని ఉన్నంత మాత్రాన అది వెక్టర్ అయిపోదు. ఎస్‌వీజీ కూడా వెక్టరే, వెబ్‌సైట్లకు నేను దాన్నే ఇస్తాను. అయితే దాని రంగులు సాధారణంగా ఆర్‌జీబీలో (తెర వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం) ఉంటాయి కాబట్టి, సీఎంవైకే (అచ్చు ఇంకులైన సయాన్, మెజెంటా, పసుపు, నలుపు) విలువలు మారకుండా ఉండాల్సిన పనికి పీడీఎఫే మేలు.

నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా రెండు మూడు నిండు రంగుల లోగోలు కాబట్టి నా ఓటు దీనికే. నీటిరంగుల ఛాయలు గానీ ఫొటో గానీ కలిసిన గుర్తులకు మాత్రం, అచ్చయ్యే సైజులో అంగుళానికి 300 పిక్సెళ్లున్న టిఫ్ (పిక్సెళ్ల బొమ్మ ఫైలు) తీసుకోవడమే నాకు నయమనిపిస్తుంది, దాన్ని తరువాత బ్యానర్‌కు పెంచమని అడగనంతవరకు.