క్యాస్కేడర్: ఆ ఆకుపచ్చ బొమ్మ కోసమే వాడుతున్నా

3డీ పాత్రల్ని కదిలించే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ క్యాస్కేడర్ గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఆటోపోజింగ్‌నే ఆకాశానికెత్తుతుంటారు. చెయ్యి పట్టి లాగితే నడుం, భుజం వాటంతటవే సర్దుకోవడం బాగానే ఉంటుంది, కాదనను. నేను మాత్రం దాన్ని తెరిచేది ఆటోఫిజిక్స్ కోసం. మనం చేసిన యానిమేషన్ మీదే ఆకుపచ్చగా ఇంకో బొమ్మ కదులుతుంది చూశారూ, అదీ నాకు కావాల్సింది. బరువున్న మనిషైతే ఇలా కదులుతాడు, నువ్వు చేసింది ఇదీ అని మొహం మీదే చెప్పేస్తుంది.

ఒక మొబైల్ గేమ్‌కి కబడ్డీ షాట్లు చేస్తున్నప్పుడు దీని విలువ తెలిసింది. కాళ్లు పట్టుకోబోతున్న డిఫెండర్ మీదుగా రైడర్ దూకాలి. మా టీమ్‌లో కుర్రాడు పెట్టిన పోజులు విడివిడిగా చూస్తే వంక పెట్టడానికి లేదు. ప్లే చేస్తే మాత్రం చందమామ మీద ఆడుతున్నట్టుంది. గ్రాఫ్ ఎడిటర్‌లో కదలికల్ని గీతలుగా చూపించే కర్వులు ఎంత కెలికినా తేడా ఎక్కడుందో దొరకలేదు. క్యాస్కేడర్‌లోకి తెచ్చి, పాదాలు ఏ ఫ్రేముల్లో నేలకు ఆనుతాయో చూపించి ఆటోఫిజిక్స్ ఆన్ చేస్తే, ఆకుపచ్చ బొమ్మ మా రైడర్ని కిందే వదిలేసి రెట్టింపు ఎత్తుకి లేచిపోయింది.

ముందు అందరం నవ్వుకున్నాం. తర్వాత లెక్క చూశాం. గాల్లో ఉన్నది 24 ఫ్రేములు, అంటే ఆ షాట్‌లో సరిగ్గా ఒక సెకను. అర సెకను పైకి, అర సెకను కిందికి. భూమ్మీద అంతసేపు గాల్లో ఉండాలంటే సెంటర్ ఆఫ్ మాస్ (ఒంటి బరువంతటికీ కేంద్రం) 1.2 మీటర్లు లేవాలి. మనవాడు లేస్తున్నది అర మీటరు. దానికి 15 ఫ్రేములు చాలు. మిగతా 9 తీసేశాం, ఒంటికి బరువు వచ్చేసింది.

అంతటితో ఆగలేదు. ఎగిరాక రైడర్ మోకాళ్లు పైకి లాక్కుంటున్నాడు, ఒళ్లు మాత్రం గడకర్రలా నిటారుగా ఉంది. ఆకుపచ్చ బొమ్మ దానికి ఒప్పుకోలేదు. మోకాళ్లు పైకొస్తుంటే ఛాతీ వాటి మీదికి వంగింది. గాల్లో ఆనుకోవడానికేమీ ఉండదు కాబట్టి కాళ్లు ఒకవైపు తిరిగితే పైభాగం రెండోవైపు తిరగాల్సిందే. ఇంటర్‌లో బట్టీపట్టిన యాంగ్యులర్ మొమెంటమ్ ఇదే, అప్పట్లో మార్కులకి తప్ప ఎందుకూ అనిపించలేదు.

2008లో జీటీఏ 4 గేమ్‌లో చూసిన యూఫోరియా అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ తరహా వేరు. అక్కడ మనిషి ఎలా పడాలో గేమ్ నడుస్తుండగానే లెక్కకడుతుంది. ఇక్కడ పోజులు మనవే, లెక్క సలహా మాత్రమే ఇస్తుంది. వద్దనుకుంటే మానేయొచ్చు.

ఆ మానేయడమే ఈమధ్య ఎక్కువైంది. కబడ్డీ అయ్యాక ఫైట్ షాట్లు వచ్చాయి. హీరో కొడితే రౌడీ గాల్లో రెండు పల్టీలు కొట్టి పడాలి. ఫిజిక్స్ అడిగితే అంత బలంగా కొట్టినవాడు కూడా వెనక్కి జరగాలంటుంది. లెక్క ప్రకారం చేసి పంపితే క్లయింట్ ఒకే మాట అన్నాడు: "దెబ్బలో పవర్ లేదండీ." ఆయన అన్నదీ నిజమే, చూస్తే చప్పగా ఉంది. చివరికి దెబ్బ తగిలే దగ్గర చేత్తోనే చేసి, నేలకి పడడం, పొర్లడం వరకు ఆకుపచ్చ బొమ్మకి వదిలేశాం. స్లో మోషన్‌కీ అంతే, మామూలు వేగంలో చేసి తర్వాత సాగదీయాలి. ముందే సాగదీసిన షాట్ ఇస్తే పాత్రని మళ్లీ పైకప్పు దాకా ఎగరేస్తుంది.

కాబట్టి పైన రాసిన పొగడ్త దూకుళ్లు, పడిపోవడాలు, బరువులెత్తడాల వరకే అనుకోండి. నా పనిలో సగానికి పైగా అవే కాబట్టి నాకు గిట్టుబాటవుతోంది. కూర్చుని కబుర్లు చెప్పుకునే పాత్రలూ, కళ్లతో చేయించే నటనా మీ పని అయితే దీని కోసం తొందరపడకండి. నేనూ ఆ షాట్లు బ్లెండర్ అనే వేరే 3డీ సాఫ్ట్‌వేర్‌లోనే చేస్తున్నా. పైగా నా లైసెన్స్ ఖర్చు పని ఇచ్చేవాళ్లే పెట్టుకుంటున్నారు. జేబులోంచి కట్టాల్సి వస్తే ఇంత ఉషారుగా రాసేవాణ్ణో లేదో.