డాలస్ చీమలా, న్యూజెర్సీ పిడుదులా: పిల్లలున్న ఇంటికి ఏది మేలు?

అమెరికాలో రెండు ఉద్యోగాల ఆఫర్లు చేతికొచ్చాయనుకోండి. ఒకటి డాలస్ పక్కన ఫ్రిస్కోలో, ఇంకొకటి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. మనవాళ్లు లెక్కలేసేవి ఎప్పుడూ అవే. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, న్యూజెర్సీలో ఇంటి పన్ను వాచిపోతుంది. అక్కడ ఎండ, ఇక్కడ మంచు. గుడి ఎంత దూరం, బడికి ఎంత రేటింగు. పురుగూ పుట్రా సంగతి మాత్రం మొదటి వేసవి వచ్చేదాకా ఎవరి నోటా రాదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి కొన్ని నెలలు ఉండి వెళ్తుంటే, అది కూడా చూసుకోవాల్సిన సంగతే. నా మాట ముందే చెప్పేస్తాను: డాలస్‌లో పురుగులు ఎక్కువ, న్యూజెర్సీలో వాటి కోసం పెట్టాల్సిన శ్రద్ధ ఎక్కువ.

డాలస్‌లో ముందుగా పరిచయమయ్యేది ఫైర్ యాంట్. ఇది దక్షిణ అమెరికా చీమ. 1930ల్లో అలబామాలోని మొబీల్ ఓడరేవులో దిగి, 1950ల్లో టెక్సస్ చేరింది. చూడ్డానికి మన ఎర్రచీమలాగే ఉంటుంది. పుట్టను బట్టి పోల్చుకోవాలి. వాన వెలిశాక పచ్చికలో పొడిమట్టి కుప్ప లేస్తుంది, పైన మధ్యలో కన్నం ఉండదు. తెలియక దాని మీద కాలు వేస్తే చీమలు గుంపుగా పైకెక్కి కుడతాయి. దవడలతో చర్మాన్ని పట్టుకుని, పొట్ట చివరి కొండితో పొడుస్తుంది. పట్టు వదలకుండా చుట్టూ తిరుగుతూ మళ్లీ మళ్లీ పొడుస్తుంది. మర్నాటికి కుట్టిన ప్రతిచోటా తెల్లటి చిన్న పొక్కు. దాన్ని గిల్లకుండా వదిలేస్తే మానిపోతుంది, గిల్లితే చీము పడుతుంది. పిల్లలు గిల్లకుండా ఉంటారా అనేది వేరే ప్రశ్న.

చాలామందికి ఇది మంటా దురదా, అంతే. కొద్దిమందికి ఎలర్జీ. ఒంటి నిండా దద్దుర్లు, పెదాలు వాయడం, ఊపిరాడకపోవడం కనిపిస్తే ఆలోచించకుండా అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయాలి. సాయంత్రం చెప్పులేసుకుని పచ్చిక మీద నడిచే అలవాటున్న పెద్దవాళ్లకు దిగిన మొదటిరోజే పుట్ట చూపించి చెప్పాలి. పెరట్లో బెండ మొక్కలు వేసే ఇంట్లో ఇంకో జాగ్రత్త: ఈ చీమలకు బెండ మొగ్గలంటే ప్రాణం, కాయ కోయడానికి చెయ్యి పెట్టేముందు చూసి పెట్టాలి.

వీటిని వదిలించుకోవడానికి అందరూ ముందు చేసేది పుట్ట మీద మరిగే నీళ్లు పొయ్యడం. ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి రాణి లోపలే బతికి రెండు గజాల అవతల కొత్త పుట్ట లేస్తుంది. పోసేవాళ్ల కాళ్లు కాలడం ఉండనే ఉంది. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వాళ్లు ఏళ్ల తరబడి చెబుతున్నది రెండంచెల పద్ధతి. ముందు పెరడంతా ఎర గుళికలు చల్లాలి. నూనెలో నానిన మొక్కజొన్న నూకలో మందు కలిపి ఉంటుంది, చీమలే దాన్ని మోసుకెళ్లి రాణికి పెడతాయి. కొన్ని రోజులు ఆగి, గుమ్మం దగ్గరా పిల్లలు ఆడేచోటా మిగిలిన పుట్టలకు విడిగా మందు వేయాలి. ఎర చల్లేముందు పుట్ట పక్కన ఒక బంగాళాదుంప చిప్ వేసి చూడండి. అరగంటలోపు చీమలు మూగితే అవి తిండికి తిరుగుతున్నట్టే, చల్లొచ్చు. వాన వచ్చేలా ఉంటే వద్దు.

చీమల తర్వాత ఇల్లు. డాలస్ వైపు ఇళ్లు చాలావరకు చెక్క చట్రానికి బయట ఇటుక వరస పేర్చి కట్టినవి, కింద బేస్‌మెంట్ లేకుండా కాంక్రీట్ పలక. ఇటుకల అడుగు వరసలో అక్కడక్కడా నిలువు సందులు వదులుతారు. పురుగులు దూరుతున్నాయని వాటిని సిమెంటుతో పూడ్చేసేవాళ్లున్నారు. అది పొరపాటు. గోడ వెనక చేరిన తడి బయటకు పోవడానికీ గాలి ఆడడానికీ పెట్టినవవి. లోహపు జాలీ ముక్క దూరిస్తే చాలు. వేసవిలో బొటనవేలంత బొద్దింక ఇంట్లోకి వచ్చిందంటే ఎక్కువసార్లు అది బయట చెట్ల కిందా మురుగు గొట్టాల్లోనూ బతికేది, దారి తప్పి వచ్చిందే. వంటింట్లో రాత్రి లైటు వేస్తే పారిపోయే చిన్న గోధుమరంగు జర్మన్ బొద్దింకతోనే అసలు పేచీ. అది డాలస్‌లోనూ ఎడిసన్‌లోనూ ఒకటే. స్ప్రే కొడితే పక్క అపార్ట్‌మెంట్‌కి పోయి తిరిగొస్తుంది. సింకు కింద, ఫ్రిజ్ వెనక చిన్న చిన్న చుక్కలుగా జెల్ మందు పెట్టడమే మేలు, ఆ పక్కన స్ప్రే కొట్టకుండా.

తేళ్లు కూడా ఉన్నాయి. టెక్సస్‌లో ఎక్కువగా కనిపించే చారల తేలు కుడితే నొప్పి బాగా ఉంటుంది, ప్రాణం మీదికి రావడం చాలా అరుదు. ఆ భయం పడాల్సింది ఫీనిక్స్ వెళ్లేవాళ్లు, అరిజోనా బార్క్ తేలు చిన్నపిల్లలకు నిజంగానే ప్రమాదం. సాలీళ్లలో రెండిటిని గుర్తుపట్టాలి. నల్లగా నిగనిగలాడుతూ పొట్ట కింద ఎర్రటి ఇసుకగడియారం గుర్తున్నది బ్లాక్ విడో. నీళ్ల మీటరు పెట్టెలో, గ్యారేజ్ మూలల్లో ఉంటుంది. వీపు మీద ఫిడేలు లాంటి మచ్చ ఉన్నది బ్రౌన్ రెక్లూజ్. అట్టపెట్టెల్లో, చాలాకాలం కదపని బట్టల్లో, బూట్లలో దాక్కుంటుంది. సామాను విప్పకుండా ఏడాదిపాటు అట్టపెట్టెలు గ్యారేజ్‌లో పేర్చుకునే మన అలవాటు దానికి బాగా కలిసొస్తుంది. కరిస్తే చాలావరకు దానంతటదే మానుతుంది, కొన్నిసార్లు చర్మం చచ్చి పుండు పడుతుంది. సామాను ప్లాస్టిక్ డబ్బాల్లోకి మార్చండి, గ్యారేజ్‌లో వదిలిన బూటు దులిపి తొడుక్కోండి.

పిల్లలకు తప్పకుండా చెప్పాల్సింది ఇంకొకటి: మెత్తటి వెంట్రుకలతో బొచ్చుకుక్కపిల్లలా ముద్దొచ్చే గొంగళిపురుగు. టెక్సస్‌లో దాన్ని ఆస్ప్ అంటారు. ఆ బొచ్చు కింద విషపు ముళ్లుంటాయి. ముట్టుకుంటే పుట్టే నొప్పికి పెద్దవాళ్లే ఏడుస్తారు. అతుక్కున్న ముళ్లను సెలోటేపు అంటించి లాగి, సబ్బుతో కడిగి ఐసు పెట్టాలి.

ఇంత చదివాక న్యూజెర్సీయే హాయి అనిపిస్తుంది. ఫైర్ యాంట్లు ఆ చలికి నిలవలేవు. తేళ్లు లేవు, రెక్లూజ్ అక్కడి సాలీడు కాదు. చలికాలంలో బయట పురుగులు పెద్దగా కనిపించవు. కాకపోతే అక్కడున్నది పిడుదు.

పిడుదు మనకు కొత్తేం కాదు. ఆవు చెవిలో, కుక్క మెడ దగ్గర చూసినవాళ్లమే. కానీ న్యూజెర్సీలో మనం చూసుకోవాల్సిన పిడుదు అలా కనపడదు. నల్లకాళ్ల పిడుదు పిల్లదశలో గసగసం గింజంత ఉంటుంది. మే నుంచి జులై దాకా దాని కాలం, అంటే పిల్లలు బయటే ఉండే కాలం. ఎగరదు, దూకదు, చెట్టు మీంచి పడదు. గడ్డి కొసనో పొద కొసనో ముందుకాళ్లు చాచి కూర్చుంటుంది, రాసుకుంటూ పోయినవాళ్లను పట్టుకుంటుంది. కుట్టినట్టు తెలియదు. దానితో వచ్చేది లైమ్ జబ్బు. 1970ల్లో కనెక్టికట్‌లోని లైమ్ ఊళ్లో, చుట్టుపక్కలా పిల్లలకు వరుసగా కీళ్లవాపులు రావడంతో బయటపడింది. దానికి కారణమైన బాక్టీరియాను 1982లో విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త బయటపెట్టాడు. న్యూజెర్సీలో ఏటా వేలల్లో కేసులు నమోదవుతాయి. హంటర్‌డన్, ససెక్స్, వారెన్, మోరిస్ కౌంటీల వైపు అడవీ ఇళ్లూ కలగలిసి ఉంటాయి, ఇంటి వెనక జింకలు మేస్తుంటాయి. బాక్టీరియా మాత్రం ఎక్కువగా ఎలుకల నుంచి పిడుదుకు ఎక్కుతుంది, జింకలు పెద్ద పిడుదులను మోసి పెంచుతాయి.

ఇందులో ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. పిడుదు అంటుకున్న వెంటనే జబ్బు రాదు. మామూలుగా ఒక రోజుకు పైగా అంటిపెట్టుకుని ఉండాలి. అందుకే రాత్రి స్నానమప్పుడు పిల్లల ఒళ్లు చూడడం అన్నిటికన్నా పెద్ద మందు. చంకలు, గజ్జలు, మోకాలి వెనక, చెవి వెనక, తల్లో జుట్టు కుదుళ్లు, నడుము పట్టీ కింద వెతకాలి. వేసుకొచ్చిన బట్టలు ఉతక్కముందే డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిప్పితే వాటికి పట్టిన పిడుదులు చస్తాయి. ఒంటికి అంటుకున్నది కనిపిస్తే కిరసనాయిలు పొయ్యకండి, అగ్గిపుల్లతో కాల్చకండి. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, తిప్పకుండా నిలువుగా లాగి, ఆ చోటు కడగండి. 72 గంటల్లోపు డాక్టరుకు చూపిస్తే, అవసరమనుకుంటే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఒక్క డోసు ఇస్తారు.

మూడు రోజుల నుంచి నెల రోజుల్లోపు, కుట్టినచోట మచ్చ పుట్టి వెడల్పవుతూ పోవచ్చు. పుస్తకాల్లో చూపించే బొమ్మ తెల్లటి చర్మం మీద ఎర్రటి వలయాలది. మన రంగు మీద అంత స్పష్టంగా కనిపించకపోవచ్చు, కమిలిన మచ్చలా ఉండొచ్చు. వలయాలు లేవుగా అని ఊరుకోకూడదు. మొదటి వారాల్లో రక్తపరీక్షలో జబ్బు లేదనే రావచ్చు కూడా. అందుకని డాక్టరు దగ్గర "గడ్డిలో తిరిగాం, పిడుదులున్నచోటు" అని మీరే నోరు తెరిచి చెప్పాలి. తొలిరోజుల్లో పట్టుకుంటే యాంటీబయాటిక్ కోర్సుతో నయమవుతుంది. వదిలేస్తే కీళ్ల దాకా, గుండె దాకా, నరాల దాకా పోతుంది.

లోన్ స్టార్ పిడుదు అని ఇంకోటుంది, ఆడదానికి వీపు మీద తెల్లచుక్క ఉంటుంది. పేరు టెక్సస్‌దే అనిపించినా న్యూజెర్సీ దక్షిణాన కూడా ఉంది. అది కుట్టిన కొందరికి మేక, గొర్రె లాంటి జంతువుల మాంసం పడకుండా పోతుంది, తిన్న కొన్ని గంటలకు దద్దుర్లు, వాంతులు. ఆదివారం మటన్ లేనిదే గడవని ఇళ్లకు ఇది చిన్న శిక్ష కాదు.

న్యూజెర్సీ మిగతా పురుగులన్నీ చికాకులే. ఎర్ర రెక్కల లాంటర్న్‌ఫ్లై 2014లో పెన్సిల్వేనియాలో బయటపడి 2018 నాటికి న్యూజెర్సీ చేరింది. ద్రాక్షతీగెల రసం పీలుస్తుంది, మనుషుల్ని కుట్టదు, కనిపిస్తే తొక్కేయమని ప్రభుత్వమే చెప్పింది. చలి మొదలవగానే కంపు నల్లులు కిటికీల దగ్గర చేరతాయి. నలిపితే కొందరికి కొత్తిమీర వాసన, కొందరికి కంపు. బేస్‌మెంట్ గోడ మీద జెర్రిలాంటి పొడుగుకాళ్ల పురుగు పరిగెత్తితే చీపురు తీసుకోకండి, అది బొద్దింకల్ని తింటుంది.

దోమల్లో ఎవరూ గెలవరు. న్యూజెర్సీ ఉప్పు బురదనేలల దోమలకు ఎంత పేరుందంటే, దోమే మా రాష్ట్రపక్షి అని అక్కడివాళ్లే నవ్వుకుంటారు. డాలస్‌ది నవ్వుకునే కథ కాదు. 2012లో వెస్ట్‌నైల్ జ్వరం చెలరేగి, ఊరి మీద విమానాలతో మందు చల్లారు. దాన్ని మోసే క్యూలెక్స్ దోమ మన గోదావరి జిల్లాల్లో బోదకాలు మోసినదే. అంటే మందు కూడా పాతదే: పూలకుండీ పళ్లెంలో, బకెట్లో, గట్టర్‌లో నీళ్లు నిలవనివ్వకపోవడం.

నల్లులు ఊరిని బట్టి రావు, సామానును బట్టి వస్తాయి. రోడ్డు పక్కన ఎవరో వదిలేసిన సోఫా ఎంత బావున్నా ఇంటికి తేవద్దు. అలాగే ఇండియా నుంచి పెట్టెలో సుద్దముక్కలాంటి చీమలమందు తేవద్దు. అమెరికాలో ఆ రకం అమ్మడమే చట్టవిరుద్ధం, పిల్లలు బలపం అనుకుని నోట్లో పెట్టుకుంటారు. కలరా ఉండలు పెరట్లో చల్లడం కూడా కుదరదు. ఇక ఊరి బియ్యం, శనగలు పెట్టెలో తెస్తే విమానాశ్రయంలోనే తీసేస్తారు. అక్కడివాళ్ల భయం ఖప్రా అనే పెంకుపురుగు. ఈ ఒక్క విషయంలో పురుగును మోసుకొచ్చే కొత్తవాళ్లం మనమే.

మరి ఏది మేలు? అపార్ట్‌మెంట్‌లో ఉండి, ఆటలన్నీ ప్లేగ్రౌండ్‌లోనే అయితే న్యూజెర్సీ. అక్కడ మీకు నల్లులూ బొద్దింకలూ తప్ప పెద్దగా ఏమీ తగలవు. ఇంట్లో ఎవరికైనా చీమ, కందిరీగ కుట్టుడు ఎలర్జీ తీవ్రంగా ఉందని ముందే తెలిసినా న్యూజెర్సీయే, కందిరీగలు అక్కడా ఉన్నా ఫైర్ యాంట్ల బెడదైనా తప్పుతుంది. పెరడున్న ఇల్లు కావాలి, చుట్టూ చెట్లుండాలి, పిల్లలు అందులోనే పొర్లాలి అనుకుంటే నేను డాలస్ అంటాను. అక్కడ కుట్టిన క్షణానే తెలుస్తుంది, మందు చల్లించడానికి డబ్బుంటే సగం పని అయినట్టే. న్యూజెర్సీలో అదే పెరడుకు డబ్బుతో పాటు మూడు నెలలపాటు ప్రతి రాత్రీ ఓపిక కావాలి, ఇద్దరూ ఉద్యోగాల నుంచి అలిసి వచ్చిన రాత్రుల్లో కూడా. ఆ ఓపిక మా ఇంట్లో ఉంది అనేవాళ్లు నిశ్చింతగా ఎడిసన్ వెళ్లొచ్చు.