గుంటూరు నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం: కారులో పిల్లాపాపలతో వెళ్లేవాళ్లకు

ఏళ్ల తరబడి వాడుతున్న దారి. చూడ్డానికి దీనికి వంక పెట్టలేం, టైం తప్పితే మాత్రం పెట్రోలు దండగ. నరసరావుపేట, వినుకొండ, త్రిపురాంతకం, యర్రగొండపాలెం, దోర్నాల మీదుగా 220 కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది. దోర్నాల దాటాక అడవి రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అటవీశాఖ మూసేస్తుంది. కాబట్టి లెక్కంతా ఆ గేటు దగ్గర మొదలుపెట్టి వెనక్కి వేసుకోవాలి.

చాలామంది తెల్లవారుజామున 5కి బయల్దేరి, ఎండెక్కాక అడవిలోకి వెళ్తారు. ఆ వేళకు కోతులు తప్ప ఏమీ కనపడవు. ఉదయం 11కి కదలండి. వినుకొండలో భోజనం చేసినా 4 కల్లా దోర్నాల చేరతారు. మిగిలిన 50 కిలోమీటర్లూ సాయంత్రపు వెలుగులో సాగుతాయి. రాత్రికి శ్రీశైలంలో ఉండి, మర్నాడు 6కి గేటు తీయగానే దిగే మొదటి బండ్లలో ఉండండి. చుక్కల జింకలు, నెమళ్లు, అదృష్టం ఉంటే అడవిపందుల గుంపు ఆ మొదటి గంటలోనే కనిపిస్తాయి. పులి మీద పిల్లలకు ఆశ పెట్టొద్దు. దేశంలోకెల్లా పెద్ద టైగర్ రిజర్వ్ ఇది. అంత అడవి ఉన్న జంతువు రోడ్డు మీదకెందుకొస్తుంది! జీపులో లోపలికి వెళ్లాలనుకుంటే తుమ్మలబైలు సఫారీ ఉంది.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో నరసరావుపేట వైపు కళ్లాల నిండా మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. చూడముచ్చటే గానీ అద్దాలు ఎక్కించుకోండి, ఘాటుకు పిల్లలు దగ్గుతారు. అప్పటికి నల్లమల ఆకు రాల్చి ఉంటుంది, చూపు చెట్ల మధ్య నుంచి లోపలిదాకా పోతుంది. పచ్చదనం కావాలంటే అక్టోబరు, నవంబరు. కార్తీక సోమవారాలు, శివరాత్రి, ఉగాది రోజుల్లో మాత్రం వద్దు. ముందున్న బస్సు వెనకభాగం చూస్తూ ఘాట్ ఎక్కాలి.

పెట్రోలు దోర్నాలలోపే పట్టించాలి. అడవిలో సిగ్నల్ ఉండదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. దిగేటప్పుడు మలుపుల్లో రెండో గేరులో ఉంచాలి. మాటిమాటికీ బ్రేకు తొక్కితే ప్యాడ్లు వేడెక్కి మాడు వాసన వస్తుంది, ఆపై బ్రేకు సరిగా పట్టదు. అప్పుడు వెడల్పున్న చోట పక్కకు ఆపి చల్లారనివ్వాలి, నీళ్లు పోయకూడదు. వాంతులయ్యే పిల్లలకు ఘాట్‌కు గంట ముందే తేలిగ్గా పెట్టి, చేతిలో ఫోన్ తీసేయండి.

శిఖరం దగ్గర అద్దం దించి అరటిపండు చూపిస్తే కోతి కారులోకే వస్తుంది. పైగా జనం విసిరే తిండికి అలవాటు పడే అవి రోడ్డు మీద కూర్చుని బండ్ల కింద పడుతున్నాయి. పులిహోర, పెరుగన్నం యర్రగొండపాలెంలోనే తినేసి, ప్లాస్టిక్ కవర్లు డిక్కీలో వేసుకోండి.